ముందు నుంచి చూడని ఇల్లు

ఇంగ్లండు పల్లెల్లో జమీందారుల పెద్ద ఇళ్ళ కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. పచ్చిక మైదానం, దాని నడుమ రాతి ఇల్లు, ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన అక్కచెల్లెళ్ళు, వాన పడే సాయంత్రాలు, గుర్రపు బండిలోంచి దిగే చుట్టాలు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన ఉపదేశి కూతురికి వాటితో ఏం పని అని మా ఆయన ఎన్నోసార్లు అడిగాడు. ఏం పనో నాకూ తెలియదు. అదీ ఆకలి లాంటిదే, ఎందుకని అడిగితే చెప్పలేం.

మా నాన్న అక్కడి సంఘంలో వాక్యం చెప్పేవాడు. పాస్టరుగారు నెలకోసారి వచ్చి, రొట్టె విరిచి ప్రభువు బల్ల ఇచ్చి వెళ్ళేవారు. మిగిలిన ఆదివారాలన్నీ నాన్నవే. ఇంట్లో తెల్లవారగానే ప్రార్థన, పడుకునే ముందు ప్రార్థన, ఆ రెంటి మధ్య కంఠతా పట్టవలసిన వచనాలు. తెలుగు వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళు మా గడప దాటకూడదు. అయితే మిషను ఆవరణలో ఒకప్పుడు పనిచేసి వెళ్ళిపోయిన తెల్ల నర్సమ్మ ఒక ట్రంకుపెట్టె నిండా ఇంగ్లీషు నవలలు వదిలి వెళ్ళింది. అట్టలు ఊడి, అంచులు చెదలు తిన్న పుస్తకాలు. నేను వాటిని ఒక్కొక్కటిగా ఇంటికి తెచ్చుకుంటే నాన్న ఏమీ అనలేదు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు.

"నర్సమ్మ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసేది బిడ్డా. గసొంటామె చదివిన పుస్తకాలల్ల చెడు ఎందుకుంటది?" అనేవాడు.

అలా తెలుగులో ప్రేమకథ పనికిరాని ఇంట్లో, ఇంగ్లీషు ప్రేమకథలన్నీ నాన్న దీవెనతోనే చదివేశాను.

టీచరు ఉద్యోగం వచ్చి కోరుట్లలో చేరినప్పుడు ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రాలు ఆ వాకిట్లో ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. చేతులకు పని, చెవులకు ఖాళీ. నేను చదివిన కథను రోజుకు కొంత చెప్పేదాన్ని. ఇంటి యజమానురాలిని ఖాలా అని పిలిచేదాన్ని. కథలో ఎవరు ఎంత ఏడ్చినా ఆమె చలించేది కాదు.

"గా పోరికి లగ్గం అయితదా కాదా, గది జెప్పు ముందుగాల," అనేది తునికాకు కత్తిరిస్తూ.

"అయితది ఖాలా. ఇంక సగం పుస్తకం ఉన్నది."

"గంత ఇల్లున్నది, గన్ని గుర్రాలున్నయి, ఒక్క పిల్ల లగ్గానికి సగం పుస్తకమా? మా దిక్కయితే గీపాటికి పిల్లలు గూడ అయితురు!"

అందరూ నవ్వేవారు. మర్నాడు మళ్ళీ ఖాలాయే అందరికంటే ముందు చాట పట్టుకుని వచ్చి కూర్చునేది.

పెళ్ళయ్యాక జగిత్యాల వచ్చాను. మా ఆయన పోస్టాఫీసులో గుమాస్తా. చుట్టుపక్కల ఊళ్ళలో దొరలు గడీలకు తాళాలు వేసి పట్నాలు చేరి అప్పటికే చాలా ఏళ్ళయింది. గడీ అంటే ఊరి దొర ఉండే కోటలాంటి ఇల్లు, ఊరంతా కూలి లేకుండా వెట్టి చేసిన చోటు. గోడల మీద ఎర్ర రాతలు, బస్సులాపి సంచులు వెతికే పోలీసులు, ఉన్నట్టుండి బందు, ఏదో ఒక గుట్ట దగ్గర ఎవరో పోయారన్న వార్త. ఎండావానల లాగా అవన్నీ మామూలైపోయిన రోజులు.

మా పక్క ఇంట్లో అద్దెకు దిగినామె అలా ఊరు విడిచి వచ్చిన ఒక గడీ కోడలు. బుగ్గారం దిక్కు ఊరు వాళ్ళది. నాకంటే బాగా పెద్దది, పిల్లలు లేరు. భర్త కోర్టు కేసుల మీద ఎక్కువగా కరీంనగర్‌లోనే ఉండేవాడు. ఆమె వీధిలోకి వచ్చేది కాదు. మొదటి కొన్ని నెలలు ఆమె చీర కొంగు తప్ప మనిషిని నేను చూడలేదు.

ఒక శనివారం ఒంటిపూట బడి ముగించుకుని వస్తుంటే వాళ్ళ కిటికీలోంచి ఇంగ్లీషు మాటలు వినిపించాయి. ఆగిపోయాను. నన్ను చూసి ఆమె లోపలి నుంచే పిలిచింది.

"టీచరమ్మా, నీకు ఇంగ్లీషు అస్తదట గదా. గీ ముసలామె గా పిల్లను ఎందుకు తిడుతున్నదో జర జెప్పిపో."

లోపల కలర్ టీవీ, దాని కింద వీసీఆర్. హైదరాబాదులో ఉన్న ఆమె తమ్ముడు ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన కాసెట్లు. తెర మీద నేను పుస్తకాల్లో మాత్రమే చూసిన ఇల్లు, నిజంగా, పొగగొట్టాలతో సహా. చెప్పులు విడిచి గుమ్మం పక్కనే నేల మీద కూర్చున్నాను. ముసలామె ఆ పిల్లను ఎందుకు తిడుతున్నదో చెప్పాను. ఆ తర్వాత ఆ పిల్ల ఏమందో చెప్పాను. చూస్తుండగానే పొద్దు గూకింది.

అప్పటి నుంచి శనివారాలు మావి. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమే అలా అనమన్నది. తెలుగు సినిమాలకు ఎన్నడూ పోని నేను, మాట అర్థం కాని ఆమె, ఇద్దరం కలిసి ఒక్కో కాసెట్టును నాలుగైదు సార్లు చూసేవాళ్ళం. కరెంటు పోతే పోయిన చోట కథ ఆపుకుని, తర్వాత ఏమవుతుందో పందెం వేసుకునేవాళ్ళం. ఆమె చూసేవన్నీ నా కంటికి ఆననివి.

"గింత ఇంట్ల పొయ్యి ఏడున్నదే? ఒక్కనాడన్న పొగ గనవడది!"

"కింద ఉంటది అక్కా. పనోళ్ళు కిందనే వండుతరు."

"మొగోళ్ళ చేతులు పట్టుకొని పెండ్లిగాని పోరిలు ఎగురుతాంటె తల్లి కుర్చీల కూసుండి సంబురంగ సూస్తున్నది. మా అత్త అయితే దీపాలన్ని ఆర్పేసును."

మా ఆయన దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. "శనివారం లండను, ఆదివారం యెరూషలేము. ఎప్పుడో ఒకనాడు బస్సు తప్పుతవు సూడు," అని నవ్వేవాడు. సంఘ పెద్ద ఒకాయన మాత్రం గుడి మెట్ల మీద నిలబెట్టి అడిగాడు, టీవీ ముందు కూర్చోవడం విశ్వాసికి తగునా అని. ఆ కథల్లోవాళ్ళు ప్రతి ఆదివారం గుడికి పోతారనీ, ప్రార్థన చేయకుండా ముద్ద ముట్టరనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మరి మంచిదే," అన్నాడు. తెల్లవాళ్ళ కథ అంటే భక్తుల కథే అన్న నమ్మకం మా నాన్నతో పోలేదు. మాలో చాలామందికి ఉండేది. నాకు లేదని చెప్పను.

ఒక్క సంగతి మాత్రం నన్ను కుట్టేది. ఆ కథల్లో పాస్టరు ఎప్పుడూ నవ్వులపాలే. ఇంటి యజమానురాలి ముందు వంగి వంగి మాట్లాడుతూ, ఆమె పెట్టిన తిండికి పొంగిపోతూ ఉంటాడు. ఆయన బతుకు ఆమె చేతిలో ఉంటుంది. గుడిలో కూడా ముందు వరస ఆ ఇంటివాళ్ళది, కూలీలు వెనక నిలబడాలి. మా గుడిలో అందరం ఒకే చాప. అక్క నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని గానీ, ఆ పాస్టరులో ఎక్కడో మా నాన్న కనిపించేవాడు. ఆ ఆలోచనను అంతకు మించి ముందుకు పోనిచ్చేదాన్ని కాదు. ఇల్లు అందంగా ఉండేది మరి. మొదట్లో అక్క ఇంట్లో నాకు టీ ఇచ్చే గ్లాసు వేరు. ఆ తేడా ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. మా ఇంట్లో ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇవ్వాలని నాకూ తట్టలేదు.

ఒకసారి కాసెట్టులో బండి మలుపు తిరిగి, చెట్ల సందులోంచి ఇల్లు మొత్తం ఒక్కసారిగా కనిపించే చోట అక్క ఆపమంది. బొమ్మ నిలిచిపోయి వణుకుతోంది. చాలాసేపు దాన్నే చూసింది.

"మా గడీ ముందట్నుంచి ఎట్లుంటదో నేను సూడలే టీచరమ్మా."

ఎగతాళి అనుకుని నవ్వబోయాను.

"ఒట్టు. పెండ్లయి అచ్చినప్పుడు కచ్చురానికి తెర కట్టిండ్రు. బండి సీదా లోపటి వాకిట్లకే పోయింది. గడీ కోడండ్లు దర్వాజ దాటద్దు. నేను గూడ దాటలే. ఊరిడిసిననాడు ఇంక చీకటే ఉండె, జీపు లోపట కింద కూసోవెట్టి పైన గొంగడి కప్పిండ్రు. లోపలైతే ఏ మూల బొక్క ఉన్నదో, ఎలుక ఏడికెల్లి అస్తదో జెప్త. ముందట్నుంచి మాత్రం ఎట్లుంటదో ఎరుకలే." తెర వైపు చేయి చూపింది. "గీ ఇల్లు ఎర్కైంది గని నా ఇల్లు ఎర్కలే. ఒక్కపారి సూడాలె. కూలిపోకముందు."

గడీ కూలిపోతున్న మాట నిజమే. దూలాలు, ద్వారబంధాలు ఒక్కొక్కటే పోతున్నాయని మా సంఘం ఆడవాళ్ళ ద్వారా నాకు తెలుసు. ఆ ఊళ్ళో, ఊరికి ఇవతల ఉన్న వాడలో, మా సంఘానికి చెందిన కుటుంబాలు ఉండేవి. నెలలో ఒక ఆదివారం అక్కడి పిల్లలకు వాక్యం చెప్పడానికి నేను వెళ్ళేదాన్ని. కానీ దొర కుటుంబంలో ఎవరూ ఊళ్ళో అడుగు పెట్టకూడదని అడవిలోని నక్సలైటు అన్నలు చెప్పి ఉన్నారు. పోలీసులను వెంటబెట్టుకుని వెళ్ళవచ్చని భర్త అన్నాడట. అక్క వద్దన్నది. "నేను సూసి అస్త. మల్ల పోలీసోళ్ళు ఉత్తగ పోతరా? ఎవలనో ఒగలను కొడుతరు."

నాకు తెలిసిన దారి ఒకటే. ఆ నెల ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళ కూడికలో ప్రార్థన మనవులు అడుగుతుండగా లేచాను. ఒకామె ఆవు చూడి నిలవాలని అడిగింది, ఇంకొకామె అల్లుడు తాగుడు మానాలని. నేను గడీ దొరసాని ఒక్కసారి తన ఇంటిని ముందు నుంచి చూసేలా దేవుడు దారి తెరవాలని అడిగాను.

గుడిసెలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఆమె ఇల్లు ఆమెకే కనవడలేదంటనా!"

"మాకు కనవడ్డది తియ్యి. గా దర్వాజ ముందట ఊడ్సి ఊడ్సి నడుము పోయింది."

"దేవునికి గిదొక్కటే పనా వదినె? నా అల్లుని సంగతి సూసినంక గా గడీ సంగతి సూస్తడు తియ్యి."

అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక ముసలామె ఉండేది. పాట ఎత్తుకునేది ఆమే, ఎవరింట్లో చావైనా పురుడైనా ముందు వెళ్ళేది ఆమే. గడీ బయటి వాకిట్లో బాల్యం నుంచీ చాకిరీ చేసినా లోపలి కోడలిని ఎరగని మనిషి. ఆమె నవ్వలేదు.

"మంచిగుంటదా ఆమె?" అని నన్నడిగింది.

"మంచిది పెద్దమ్మా."

"కోతల పండుగకు రమ్మను. గుడికి అచ్చి, మన బంతిల కూసుండి తినుమను. తిన్నంక నేనే చెయ్యి పట్టుకొని తోలుకపోయి గడీ జూపిస్త."

"అన్నలు ఏమంటరో!" అన్నారెవరో.

"వాళ్ళకు నేను జెప్త. ఆడామె ఒక్కతి అచ్చి బుక్కెడు బువ్వ తినిపోతె వాళ్ళ ఇప్లవం ఆగుతదానే?"

అప్పుడు ప్రార్థన చేశారు. పెద్దమ్మే చేసింది. ఆవు తర్వాత, అల్లుడి తర్వాత, దొరసాని ఇల్లు.

అక్కకు చెప్పాను. కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "అందరితోని నేల మీదనా?" అని ఒక్కసారే అడిగింది. అందరితోనే అన్నాను. "తింట," అన్నది. మళ్ళీ కాసేపటికి, "తింట టీచరమ్మా," అన్నది, నేను నమ్మలేదేమో అన్నట్టు.

మా కోతల పండుగ గురించి వివరించాను. పంట ఇంటికి వచ్చాక ఒక ఆదివారం ఎవరికి కలిగింది వాళ్ళు గుడికి తెస్తారు. వరి పన, కోడి, గుమ్మడికాయ, గంపెడు చిక్కుడుకాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. తర్వాత అందరూ వరసగా కూర్చుని తింటారు.

"అయితే నేను ఏం తీస్కపోవాలె?"

ఆ ప్రశ్నకు జవాబు మాకు కాసెట్టులో దొరికింది. అందులో కోతలయ్యాక ఇంటి యజమానురాలు చేతికి బుట్ట తగిలించుకుని కూలీల గుడిసెలకు వెళుతుంది. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి వంగి దండం పెడతారు. ఒక్కొక్కరిని పలకరించి ఒక్కొక్కరికి ఏదో ఒకటి ఇస్తుంది. సంగీతం వస్తుంది. ఆ చోట నాకెప్పుడూ కళ్ళు చెమర్చేవి. అక్క నా వైపు తిరిగింది. నేనూ ఆమె వైపు తిరిగాను. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చినందుకు మాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

చీరలకు సిరిసిల్ల వెళ్ళాం. నాకు తెలిసిన నేతవాళ్ళ ఇళ్ళల్లో నేనే ఏరాను. ఉతికితే మెత్తబడే నూలు చీరలు, ఆకుపచ్చ, కుంకుమ రంగు, నెమలికంఠం. ఇంటికొకటి. మడతలు విప్పి, ఎండలో పట్టుకుని చూసి, మళ్ళీ మడతపెట్టి. అక్క ఇంత నవ్వగా నేను చూడలేదు. ఎవరికి ఏ రంగు నప్పుతుందో ఆ మనుషులను ఎరగకుండానే నిర్ణయించేసింది.

పండుగనాడు బస్సులో వెళ్ళాం. అడ్డరోడ్డు దగ్గర పోలీసు మూట విప్పించి చూశాడు.

"చీరల బేరమా అమ్మా?"

"లే నాయినా, పండుగకు," అన్నది అక్క. ఆమెను గుర్తుపట్టలేదు.

బస్సు దిగి బండ్లబాట వెంట నడిచాం. తన ఊరి నేల మీద ఆమె కాలు పెట్టడం అదే మొదటిసారి. బాట ముందు వాడకు వస్తుంది. గుడి అక్కడే, మట్టిగోడలు, పెంకుల కప్పు, ముందు రెండు మెట్లు. గడీ అక్కడికి కనిపించదు, ఊరి నడుమ మిట్టకు అవతల ఉంటుంది. వెనక బురుజు కొస మాత్రం చింతచెట్ల మీదుగా కనిపిస్తుంది. అక్క దానివైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది, ముందే చూసేస్తే మొత్తం పోతుందన్నట్టు.

గుడిలోకి రాగానే ఒక వయసు పిల్ల తనకు తెలియకుండానే లేచి, అక్క కూర్చోబోయే చోటును తన కొంగుతో తుడవబోయింది.

"నేల మీదనే కూసుంటది. నువ్వు కూసో బిడ్డా," అని పెద్దమ్మ గద్దించింది.

అక్క చాప మీద కూర్చుంది. పాటలకు పెదవులు కదిపింది. వేలంపాటలో ఎవరో ఆటపట్టించడానికి, "దొరసానీ, సొరకాయ పాడవా?" అంటే పాడేసింది, ఎదురుపాట పాడినవాళ్ళను నెగ్గింది కూడా. చప్పట్లు కొట్టారు. సొరకాయను పసిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆమెను చూసి పెద్దమ్మ కూడా నవ్వింది. దేవుడు దారి తెరిచాడనుకున్నాను.

బయట విస్తరాకులు వేశారు. పెద్దమ్మ పక్కన అక్కకు, అక్క పక్కన నాకు. అన్నం వడ్డించడం మొదలైంది. కూర్చోబోయే ముందు అక్క నాకు సైగ చేసింది. నేను మూట తెచ్చి ఇచ్చాను. ఆమె గుడి మెట్ల మీదికి ఎక్కి మూట విప్పింది. ఆడవాళ్ళంతా కింద ఉన్నారు.

"పండుగ గదా, మీకోసం తెచ్చిన. ఒక్కొక్కలు రాండ్రి," అన్నది. గొంతులో ప్రేమే ఉంది. ఆ కాసెట్టులోని ఆమె గొంతులో ఉన్నంత ప్రేమ.

పొద్దున నేల తుడవబోయిన ఆమె అందరికంటే ముందు లేచింది. మెట్ల కింద నిలబడి రెండు చేతులతో కొంగు చాపింది.

"కొంగు దించే!" అని పెద్దమ్మ అరిచింది.

వడ్డించేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. పెద్దమ్మ ఆకు ముందు నుంచి లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

"తినుటానికి రమ్మన్నం గని పెట్టుటానికి రమ్మన్నమా దొరసానీ?"

"సంతోషానికి తెచ్చిన," అన్నది అక్క.

"నీ అత్త గూడ సంతోషానికే ఇచ్చేది. దసర దసరకు గడీ అరుగు మీద గిట్లనే నిలవడేది. మేము గిట్లనే కొంగు వట్టేది. ఒక్క చీరకు ఏడాదంత చాకిరి. మా అవ్వ కట్టింది, నేను కట్టిన. గీ పోరి పుట్టినప్పుడు గడీల దొరలు ఇంక ఉన్నరో లేరో, దీనికి గూడ కొంగు వట్టుడు ఎవలు నేర్పకుంటనే అచ్చింది సూడు."

నేల తుడవబోయిన ఆ అమ్మాయి ఏడుస్తోంది. నాకు దసరా చీరల సంగతి తెలియదు. అక్కకూ తెలియదేమో అనిపించింది ఆమె ముఖం చూస్తే. దర్వాజ దాటని మనిషికి అరుగు మీద జరిగేది ఎలా తెలుస్తుంది?

పెద్దమ్మ గొంతు మారింది. "మూట పక్కకు పెట్టు. దిగి రా, కూసో. బువ్వ సల్లారుతాంది."

దిగి వచ్చి కూర్చుంటే సరిపోయేది. అంతే చేయవలసింది. మూడు అడుగులు కూడా లేవు. పెద్దమ్మ తన పక్కన ఆకును అరచేత్తో ఒకసారి సవరించింది కూడా. అక్క ఆ ఆకువైపు చూసింది. మూట ముడి వేసింది. "పాణం మంచిగ లేదు," అని ఎవరికో చెప్పినట్టు అని, మెట్లు దిగి, మమ్మల్నందరినీ దాటి బాట వైపు నడిచింది. పెద్దమ్మ రెండోసారి పిలవలేదు. నేను లేచి అక్క వెనకాల వెళ్ళాను.

రోడ్డు మీద ఎంతసేపు కూర్చున్నా బస్సు రాలేదు. అక్క చీరల మూట మీదే కూర్చుంది. సొరకాయ ఇంకా చేతిలో ఉంది.

"సీన్మల ఆమె ఇస్తె అందరు నవ్వుకుంట తీస్కున్నరు గదా టీచరమ్మా," అన్నది చివరికి.

ఆ యజమానురాలు గుమ్మం దాటి వెళ్ళిపోయాక కూలీల ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఏ కాసెట్టూ చూపలేదని నాకు అప్పుడే తట్టింది.

"ఏం వండిండ్రు?"

"పప్పు, వంకాయ కూర. కోడి కూర గూడ ఉండె. పచ్చిపులుసు."

"నువ్వు గూడ తినలే."

"తినలే అక్కా."

చిన్నప్పటి నుంచీ నేను ఆ మనుషులతోనే ఒక చాప మీద కూర్చుని, ఒకే రొట్టె విరిచి తిన్నదాన్ని. విందుకు పిలిస్తే పొలం ఉందనీ, ఎడ్లు ఉన్నాయనీ చెప్పి రానివాళ్ళ బైబిలు కథను ఎన్నిసార్లు పిల్లలకు బోధించానో. ఆ రోజు ఆ వరసలో రెండు ఆకులు ఖాళీగా ఉన్నాయి.

మరుసటి నెల వెళ్ళినప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మే పక్కకు పిలిచి అడిగింది. "ఇంటికి పోయినంక తిన్నదా ఆమె?"

"ఏమో పెద్దమ్మా, ఎరుకలే."

"ఆమె ఆకు నేను తియ్యనియ్యలే. అందరు తిని లేసేదాక గట్లనే ఉంచిన. ముసలిదాన్ని, నోరు జారింది. చీరల మీదికి అచ్చింది కోపం, ఆమె మీదికి కాదు. జెప్పు."

చెప్పాను. శనివారాలు అప్పటికే ఆగిపోయి ఉన్నాయి. ఎవరూ ఆపలేదు, మేమిద్దరం దాని ఊసెత్తలేదంతే. అక్క గుమ్మంలోనే నిలబడి విన్నది. ఆకు ఉంచిన మాట రెండుసార్లు చెప్పించుకుంది.

"మల్ల పండుగ ఎన్నడు?"

"వచ్చే కోతలకే."

"ఈసారి ఉత్త చేతులతోని పోదాం," అన్నది.

ఆ ఎండాకాలంలో గడీలో పోలీసులు క్యాంపు పెడతారని మాట వచ్చింది. పెట్టకముందే ఒకనాడు అన్నలు గడీని మందుపెట్టి లేపేశారు. ముందు గోడ మొత్తం పడిపోయిందని బస్సు కండక్టరు చెప్పగా నాకు తెలిసింది. అక్కకు నేనే వెళ్ళి చెప్పాను. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేతిలో కూరగాయను పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఇల్లు లేకుంటె ఏంది, బువ్వకు పోవచ్చు గదా?" అని అడిగింది.

పోవచ్చు అక్కా అన్నాను. అప్పటికి నేను నిజంగానే అలా అనుకున్నాను. కానీ గడీ పేలిన వారానికే పోలీసులు వచ్చి వాడలో మగవాళ్ళను తీసుకుపోయారు. కొందరు కరీంనగర్ జైలు నుంచి నెలల తర్వాత వచ్చారు, కొందరు ఊరే మారిపోయారు. పెద్దమ్మ సిరిసిల్ల దగ్గర తంగళ్ళపల్లిలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్ళి, అక్కడే చలికాలంలో కన్నుమూసింది. కోసేవాళ్ళు లేక ఆ ఏడు వాడవాళ్ళ వరి చాలావరకు నిలబడే ఎండిపోయింది. కోతల పండుగ జరగలేదు.

ఆ తర్వాతి ఏడు జరిగింది. అప్పటికి అక్క వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే వెళ్ళి, బంతిలో కూర్చుని తిన్నాను.